ఎన్నిసార్లు పడితే మందు మానాలి?

(ఆదివారం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. మాట్లాడిన తీరునే చాలావరకు ఉంచాం.)



ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాను. న్యూజెర్సీలో ఉంటూ కంపెనీల కంప్యూటర్ వ్యవహారాలకి సలహాలిచ్చే కన్సల్టెంటుని. ఇండస్ట్రియల్ ఇంజనీరింగులో ఎమ్మెస్ చెయ్యడానికి ఈ దేశం వచ్చి, మనవాళ్ళలో చాలామందిలాగే సాఫ్టువేరులో స్థిరపడ్డాను. "గుండెజబ్బు గురించి నువ్వు మాట్లాడటమేమిటోయ్?" అని ఈ కార్యక్రమం నడిపేవాళ్ళే నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మందుల సంగతి చెప్పడానికి డాక్టర్లున్నారు. అయితే, మందు వేసుకోవాలా వద్దా అని ఇంటిల్లిపాదీ తలలు పట్టుకు కూర్చున్నప్పుడు, ఆ విషయం తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని డెసిషన్ ఎనాలిసిస్ అంటారు. తెలుగులో నిర్ణయ విశ్లేషణ అనుకుందాం. నేను కాలేజీలో పరీక్ష కోసం చదివి మరిచిపోయిన విద్య అది. పోయిన ఏడాది మా నాన్నగారి కోసం మళ్ళీ దుమ్ము దులపాల్సి వచ్చింది.

సంక్రాంతికి ఇంకా వారం ఉంది. ఇక్కడ రాత్రి పదకొండు, తెనాలిలో ఉదయం తొమ్మిదిన్నర. అమ్మ దగ్గర్నుంచి ఫోను. ఆ వేళప్పుడు ఇండియా నుంచి ఫోను వస్తే గుండె ఎలా జారిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నాన్నగారు పెరట్లో కాలు జారి పడ్డారు. ఆయనకి 76 ఏళ్ళు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. అదృష్టం కొద్దీ ఎముకలేమీ విరగలేదు. కానీ ఆస్పత్రిలో ఇ.సి.జి. తీస్తే గుండె లయ తప్పి కొట్టుకుంటోందని తేలింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు.

డాక్టరుగారు చెప్పింది ఇదీ: "ఈ జబ్బుకి మామూలుగా రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తాం. కానీ ఈ వయసులో, ఇలా పడిపోయే మనిషికి అది ఇస్తే తలలో రక్తస్రావం కావచ్చు. ఆస్పిరిన్ ఇస్తున్నాను. అది సేఫు."

వినడానికి సబబుగానే ఉంది. కానీ ఒహాయోలో డాక్టరుగా ఉన్న మా పిన్ని కూతురికి చెబితే, "అన్నయ్యా, ఆస్పిరిన్ సరిపోదు, పెదనాన్నకి అసలు మందు కావాలి" అంది. హైదరాబాదులో ఉన్న మా అక్క వాళ్ళ ఎదురింటాయన ఆ అసలు మందు వేసుకుని రక్తం కక్కుకున్నాడట, వద్దంటే వద్దంది. బాబాయి డాక్టరు మాట కాదనకూడదన్నాడు. అమ్మ ఎవరు ఏం చెబితే దానికి తలూపుతోంది. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు పెద్ద చర్చే నడిచింది. నాన్నగారిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

జబ్బు గురించి క్లుప్తంగా. గుండెలో పైనున్న రెండు గదులు లయ ప్రకారం ముడుచుకోవాలి. ఈ జబ్బులో అవి ముడుచుకోకుండా వణుకుతాయి. అప్పుడు రక్తం సాఫీగా కదలక ఒక మూల నిలిచిపోతుంది. నిలిచిన రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ జారి మెదడుకి వెళ్ళే నాళంలో అడ్డం పడితే పక్షవాతం, అంటే స్ట్రోకు. ఎవరికి ఎంత ప్రమాదమో అంచనా కట్టడానికి 2001లో చాడ్స్-2 అనే చిన్న లెక్క వచ్చింది. గుండె నీరసపడితే ఒక పాయింటు, బీపీకి ఒకటి, 75 ఏళ్ళు దాటితే ఒకటి, షుగరుకి ఒకటి, ఇంతకు ముందే స్ట్రోకు వచ్చి ఉంటే రెండు. ఇప్పుడు దానికంటే వివరమైన లెక్కలు వాడుతున్నారు గానీ, చేతివేళ్ళ మీద వేసుకోవడానికి ఇది సులువు. మా నాన్నగారికి మూడు పాయింట్లు. అలాంటివాళ్ళు 100 మంది ఏ మందూ వేసుకోకపోతే, ఏడాదిలో సుమారు ఆరుగురికి స్ట్రోకు వస్తుందని ఆ లెక్క.

ఇక మందు. చాలాకాలం పాటు ఉన్నది వార్ఫరిన్ ఒక్కటే. దాని కథ విచిత్రంగా ఉంటుంది. 1920లలో అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకుంది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్‌ని 1948లో ఎలకల మందుగా అమ్మారు. 1954లో మనుషులకి మందుగా అనుమతి వచ్చింది. 1989 నుంచి 1992 దాకా డెన్మార్క్, అమెరికా, కెనడాలలో ఈ గుండెజబ్బు ఉన్నవాళ్ళ మీద చేసిన ఐదు పరిశోధనలు అచ్చయ్యాయి. 1994లో వాటన్నిటినీ కలిపి చూస్తే, ఏడాదికి 100కి 4.5 ఉన్న స్ట్రోకులు వార్ఫరిన్‌తో 1.4కి తగ్గాయి. అంటే మూడింట రెండు వంతుల స్ట్రోకులు ఆగిపోయాయి. ఆస్పిరిన్ ఆపేది సుమారు ఐదింట ఒక వంతు మాత్రమే.

ఇంత గట్టి సాక్ష్యం దొరికాక ఏం జరగాలి? అవసరమైన వాళ్ళందరికీ మందు అందాలి. కానీ 1990లలో చేసిన సర్వేలు చూస్తే, అర్హత ఉన్నవాళ్ళలో సగం మందికి కూడా చాలాచోట్ల అందలేదు. అందులోనూ ముసలివాళ్ళకి మరీ తక్కువ. ప్రమాదం ఎక్కువ ఉన్నది వాళ్ళకే, మందు తక్కువ అందిందీ వాళ్ళకే. పరిశోధనకీ డాక్టరుగారి చీటీకీ మధ్య ఎక్కడో దారి తెగిపోయింది.

ఎందుకు తెగింది? పరిశోధన వేలమంది గురించి మాట్లాడుతుంది. డాక్టరు ఎదురుగా కూర్చున్నది ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషికి షుగరుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, నిన్న కాలు జారి పడ్డాడు. పరిశోధనా పత్రం ఈయన పేరు చెప్పదు. అక్కడ డాక్టరు అంచనా మీద, భయం మీద, అనుభవం మీద ఆధారపడతారు. ఆ ఖాళీలో పనికొచ్చేదే ఈ నిర్ణయ విశ్లేషణ.

ఈ విద్య పుట్టింది వైద్యం కోసం కాదు. హోవర్డ్ రైఫా అనే హార్వర్డ్ ప్రొఫెసరు 1968లో దీని మీద పుస్తకం రాశారు. అందులో పేరుపడ్డ ఉదాహరణ చమురు బావిది. తవ్వితే కోట్లు రావచ్చు, పొడిబావి కావచ్చు. తవ్వాలా, మానాలా? మా క్లాసులోనూ అదే చెప్పారు. 1975లో బోస్టన్‌లో స్టీఫెన్ పాకర్, జెరోమ్ కాసిరర్ అనే ఇద్దరు డాక్టర్లు ఇదే పద్ధతిని రోగి మంచం దగ్గరికి తెచ్చారు. 1980లో వాళ్ళు ఇంకో సంగతి చూపించారు. జబ్బు ఉందని, లేదా రాబోతోందని నూటికి నూరుపాళ్ళూ తేలేదాకా ఆగక్కర్లేదు. ఒక గడప ఉంటుంది. అవకాశం ఆ గడప దాటితే మందు ఇవ్వడం మేలు, దాటకపోతే ఊరుకోవడం మేలు. గడప ఎక్కడుండాలో చెప్పేది మందు చేసే మేలూ కీడూ.

ఇది మా అమ్మకి ఎవరూ నేర్పకుండానే తెలుసు. వేసవిలో డాబా మీద వడియాలు పెట్టాలి. పొద్దున లేచి ఆకాశం చూస్తుంది. వాన తడిపితే నాలుగు రోజుల కష్టం బూడిదలో పోసినట్టే. పెట్టకుండా ఊరుకుంటే, ఎండ కాసినా ఒక రోజు వృథా, అంతే. నష్టం నాలుగింతలు కాబట్టి, వాన పడే అవకాశం ఐదింట ఒక వంతు దాటిందంటే వడియాలు పెట్టకపోవడమే తెలివి. వాన పడుతుందో లేదో అమ్మకీ తెలియదు. అయినా నిర్ణయం తీసుకుంటుంది. అవకాశం ఎంత, నష్టం ఎంత అని రెండూ కలిపి చూస్తుంది. నిర్ణయ విశ్లేషణ అంటే అంతే. కాకపోతే కాగితం మీద పెడతాం.

కాగితం మీద అది ఒక చెట్టులా ఉంటుంది. ఎడమపక్క ఒక చదరం గీస్తాం. అది మన చేతిలో ఉన్న నిర్ణయం. దాన్నుంచి రెండు కొమ్మలు: ఆస్పిరిన్ ఒకటి, అసలు మందు ఒకటి. ఒక్కో కొమ్మ చివర ఒక వృత్తం. అది మన చేతిలో లేనిది, అదృష్టం. అక్కడ్నుంచి రెమ్మలు: స్ట్రోకు రావడం, రక్తస్రావం కావడం, ఏమీ కాకపోవడం. ఒక్కో రెమ్మ మీద అది జరిగే అవకాశం రాస్తాం. చిట్టచివర, అలా జరిగితే మనకి ఎంత నష్టమో రాస్తాం. తర్వాత కుడినుంచి ఎడమకి గుణించుకుంటూ, కూడుకుంటూ వస్తే ఏ కొమ్మలో నష్టం తక్కువో తేలుతుంది. ఎక్కాలు వస్తే చాలు.

నాకు ముందు కావలసింది పడిపోవడం గురించి. మా చెల్లెలు ఒక పాత పత్రం పంపింది. కెనడా పరిశోధకులు 1999లో సరిగ్గా డాక్టరుగారి ప్రశ్ననే ఇలా చెట్టు గీసి లెక్కేశారు. ముసలివాళ్ళు పడిపోతారని వార్ఫరిన్ మానుతున్నారు కదా, మరి ఎన్నిసార్లు పడితే మందు వల్ల మేలుకంటే కీడు ఎక్కువవుతుంది? స్ట్రోకు ప్రమాదం ఏడాదికి 5 శాతం ఉన్న మనిషికి వాళ్ళకొచ్చిన జవాబు: ఏడాదిలో సుమారు 295 సార్లు. మా నాన్నగారు పడింది ఒక్కసారి.

ఆ రాత్రి ఆ అంకె చూసి నేను నవ్వుకున్న మాట నిజం. కానీ దాన్ని వేదవాక్కు చేసుకోకూడదు. అది కొన్ని అంచనాల మీద కట్టిన లెక్క. ఒకరు మెల్లగా కూలబడతారు, ఇంకొకరు మెట్ల మీంచి దొర్లుతారు. 2005లో అమెరికాలో మామూలు రోగుల రికార్డులు తీసి చూస్తే, తరచుగా పడే ముసలివాళ్ళకి తలలో రక్తస్రావాలు ఎక్కువగానే ఉన్నాయి. డాక్టరుగారి భయం ఊరికే పుట్టింది కాదు. అయితే అదే మనుషులకి స్ట్రోకులు కూడా మిగతావాళ్ళకంటే ఎక్కువ. రెండూ తూకం వేస్తే, చాడ్స్ పాయింట్లు రెండు, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళకి మందు వల్ల మేలే కనిపించింది.

ఇప్పుడు కొత్త మందులొచ్చాయి. వార్ఫరిన్‌తో మన ఇళ్ళలో పెద్ద చిక్కు ఆకుకూరలు. పాలకూర, తోటకూర, మునగాకులో విటమిన్ కె ఎక్కువ. అది వార్ఫరిన్‌కి ఎదురు పనిచేస్తుంది. ఒకవారం బాగా తిని, ఇంకోవారం మానేస్తే మందు లెక్క తప్పుతుంది. అందుకని మాటిమాటికీ రక్తపరీక్ష. 2010 నుంచి ఆ గొడవలేని మందులు వచ్చాయి. వాటిలో ఎపిక్సబాన్‌కి 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. భారతదేశంలో ఇప్పుడు జెనెరిక్ రూపంలో కూడా దొరుకుతోంది.

మా చెట్టుకి సరిగ్గా కావలసిన పరిశోధన 2011లో అచ్చయింది. దాని పేరు ఎవెరోస్. వార్ఫరిన్ పనికిరాదనుకున్న సుమారు 5,600 మందిలో కొందరికి ఆస్పిరిన్, కొందరికి ఎపిక్సబాన్ ఇచ్చారు. ఆస్పిరిన్ వాళ్ళలో ఏడాదికి 100కి 3.7 స్ట్రోకులు, ఎపిక్సబాన్ వాళ్ళలో 1.6. స్ట్రోకులతో పాటు గడ్డ వేరేచోట అడ్డం పడటం కూడా అందులో కలిపే ఉంది. తేడా ఎంత స్పష్టంగా వచ్చిందంటే, పరిశోధనని అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. ఇక పెద్ద రక్తస్రావాలు: ఆస్పిరిన్‌తో 1.2, ఎపిక్సబాన్‌తో 1.4. తలలో రక్తస్రావాలు రెండిట్లోనూ 0.4, అంటే ఇంచుమించు సమానం.

ఒక్క క్షణం ఇక్కడ ఆగుదాం. మనం ఇంట్లో అలవాటుగా వాడే ఆస్పిరిన్ సేఫు అనుకున్నాం. సేఫు కాబట్టి పని తక్కువ చేసినా ఫర్వాలేదనుకున్నాం. తీరా చూస్తే రక్తం కారించడంలో అది కొత్త మందుకి దాదాపు సాటి, స్ట్రోకు ఆపడంలో మాత్రం సగం కూడా లేదు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే. అసలు మందు వేసుకోగలిగిన వాళ్ళకి, స్ట్రోకు ఆపడానికి దాని బదులు ఆస్పిరిన్ ఇవ్వవద్దని 2023లో వచ్చిన అమెరికా వైద్య సంఘాల మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

ఇక నష్టాల అంకెలు వెయ్యాలి. ఆరోగ్యంగా ఉన్న ఏడాదికి 100 మార్కులనుకుంటే, స్ట్రోకుతో మంచాన పడితే ఎన్ని పోయినట్టు? నేను 50 వేశాను. కడుపులో రక్తస్రావమై ఆస్పత్రిలో చేరి కోలుకుంటే 10 పోయినట్టు వేశాను. ఆస్పిరిన్ కొమ్మ: 3.7ని 50తో గుణిస్తే 185, రక్తస్రావానికి 12, మొత్తం 197. ఎపిక్సబాన్ కొమ్మ: 80, దానికి 14 కలిపితే 94. సగం కంటే తక్కువ నష్టం.

అంకెలు మార్చి చూడటం ఈ పద్ధతిలో ముఖ్యమైన భాగం. మన భయాలన్నీ అందులో పెట్టి, నిర్ణయం తలకిందులవుతుందా అని చూస్తాం. రక్తస్రావం కూడా స్ట్రోకంత చెడ్డదే అనుకుందాం. అప్పుడు రెండూ కూడితే ఆస్పిరిన్‌కి 4.9, ఎపిక్సబాన్‌కి 3. మారలేదు. నాన్నగారు మాటిమాటికీ పడతారు, అందువల్ల మందు వేసుకుంటే తలలో రక్తస్రావం మూడింతలవుతుంది, ఆస్పిరిన్‌తో అసలు పెరగదు అనుకుందాం. అప్పుడు 0.4 కాస్తా 1.2 అవుతుంది. 100కి 0.8 అదనపు కీడు, 2.1 మేలు. అప్పటికీ మారలేదు. ఇది మోటు లెక్క, ఒప్పుకుంటాను. అన్ని స్ట్రోకులూ మంచాన పడేసేవి కావు, అన్ని రక్తస్రావాలూ కోలుకునేవి కావు. కానీ ఎటు లాగినా జవాబు అటే నిలబడుతోందంటే, రెండు రోజులుగా మేం వాదించుకుంటున్న విషయం అసలు విషయం కాదన్న మాట.

ఇదంతా స్ప్రెడ్‌షీటులో రంగులు వేసి మరీ మా చెల్లెలికి పంపాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఒక్కటే అడిగింది. "అన్నయ్యా, ఆ 50 ఎవరు చెప్పారు? పెదనాన్నని అడిగావా?"

అడగలేదు. ఆయన బతుకుకి మార్కులు నేనే వేసేశాను, న్యూజెర్సీలో కూర్చుని.

అంకెల్లో రెండు రకాలున్నాయని ఇక్కడ గమనించాలి. స్ట్రోకు వచ్చే అవకాశం ఎంత అన్నది పరిశోధకుల్ని అడగాలి. స్ట్రోకు వస్తే ఎంత బాధ అన్నది దాన్ని పడబోయే మనిషిని అడగాలి. ఈ రెండోది డాక్టరు చెప్పలేరు, కొడుకూ చెప్పలేడు. దీనికీ సాక్ష్యం ఉంది. 2001లో కెనడాలో ఇదే జబ్బు గురించి 63 మంది డాక్టర్లని, 61 మంది రోగులని ఒకే ప్రశ్న అడిగారు. స్ట్రోకుల్ని ఆపడం కోసం 100 మందిలో ఎన్ని అదనపు రక్తస్రావాలు భరించవచ్చు? డాక్టర్లు సగటున 10 అన్నారు. రోగులు 17 అన్నారు. రక్తస్రావం అంటే డాక్టర్లకి భయం ఎక్కువ, స్ట్రోకు అంటే రోగులకి భయం ఎక్కువ.

ఆ శనివారం నాన్నగారికే ఫోను చేశాను. ఇలాంటి ప్రశ్న అడగడానికి ఒక పద్ధతి ఉంది. "నాన్నా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. పక్షవాతం వచ్చి మంచంలో పదేళ్ళు బతకడం ఒకపక్క. ఇప్పటిలా మీ కాళ్ళ మీద మీరు తిరుగుతూ తక్కువ ఏళ్ళు బతకడం ఇంకోపక్క. ఎన్నేళ్ళయితే ఆ పదేళ్ళకి సమానం అనుకుంటారు?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"రెండేళ్ళు చాల్రా," అన్నారు. తర్వాత నేను అడక్కుండానే చెప్పారు. "అన్నయ్యని చూశాను కదరా. ఆరేళ్ళు మంచంలో ఉన్నాడు. నేనే పక్కకి తిప్పేవాణ్ణి, నేనే అన్నం పెట్టేవాణ్ణి. ఏదో చెప్పాలని చూసేవాడు, మాట వచ్చేది కాదు. రక్తం పోతే ఎక్కిస్తారు. మాట పోతే ఎవడు ఎక్కిస్తాడు?"

పెదనాన్న మంచాన ఉన్న ఆ ఆరేళ్ళలో నేను సెలవులకి రెండుసార్లు వెళ్ళి, దండం పెట్టి, ఫొటో తీసుకుని వచ్చాను. నాన్నగారు చూసినదేమిటో నాకెప్పుడూ తెలియలేదు. పదేళ్ళకి రెండేళ్ళంటే, 100 మార్కుల్లో 80 పోయినట్టు. నేను వేసిన 50 తప్పు. 80 వేస్తే ఆస్పిరిన్ కొమ్మ నష్టం 308, ఎపిక్సబాన్ 142. జవాబు మారలేదు గానీ, ఇప్పుడది ఆయన జవాబయింది.

లెక్క తేలగానే పని అయిపోలేదు. చెట్టు గీసినందువల్ల వచ్చిన ఇంకో లాభం ఏమిటంటే, ఏ సంగతులు తేలితే జవాబు మారిపోతుందో అది చూపిస్తుంది. అవి నాలుగు. మూత్రపిండాలు సరిగ్గా పనిచేస్తున్నాయా? దాన్ని బట్టి మందూ, మోతాదూ మారతాయి. రక్తం తక్కువగా ఉందా, కడుపులో పుండు ఉందా? గుండె కవాటాలు ఎలా ఉన్నాయి? ఇది మన దేశంలో మరీ ముఖ్యం. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల కవాటం దెబ్బతిన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అలాంటివాళ్ళలో కొత్త మందుల్లో ఒకటైన రివరోక్సబాన్‌కంటే వార్ఫరిన్ జాతి పాత మందులే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అనే పెద్ద పరిశోధన తేల్చింది. అంటే కొత్తదల్లా మంచిదని పరుగెత్తకూడదు. ఇక నాలుగోది, ఇంకేం మందులు వేసుకుంటున్నారు?

నాలుగోదాని దగ్గర దొరికింది అసలు దొంగ. నాన్నగారు మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని, రోజూ డైక్లోఫెనాక్ బిళ్ళ వేసుకుంటున్నారు. అది కడుపులో రక్తస్రావం తెప్పించగల మందు. ఆస్పిరిన్‌తో కలిస్తే ఇంకా ప్రమాదం. "అది మందేమిట్రా, నొప్పి బిళ్ళ," అన్నారు. డాక్టరుగారికి ఎప్పుడూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఒక్క పేజీ కాగితం తయారు చేశాను. పైన చెట్టు బొమ్మ, మధ్యలో అంకెలు, కింద నాలుగు ప్రశ్నలు. అక్క హైదరాబాదు నుంచి వెళ్ళి, నాన్నగారితో పాటు డాక్టరుగారి దగ్గర కూర్చుంది. ఇంటర్నెట్లో చదివి వచ్చారా అని కసురుకుంటారేమోనని భయపడ్డాం. ఆయన కాగితం తీసుకుని శ్రద్ధగా చూశారట. తర్వాత ఒక మాట చెప్పారట. రెండేళ్ళ క్రితం ఇలాంటి మనిషికే ఆ మందు రాస్తే, తలలో రక్తస్రావమై పోయాడని. ఆ కుటుంబం ఆస్పత్రి వరండాలో ఏడవడం ఇంకా మరిచిపోలేదని.

అక్క ఆ మాట చెప్పినప్పుడు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఇది ఆయన ఒక్కరి సంగతి కాదు. 2006లో కెనడాలోని ఒంటారియో డాక్టర్ల మీద చేసిన పరిశోధనలో ఇదే కనిపించింది. తాము వార్ఫరిన్ ఇచ్చిన రోగికి రక్తస్రావమైతే, ఆ తర్వాత వచ్చినవాళ్ళకి ఆ డాక్టర్లు ఆ మందు రాయడం తగ్గించారు. మందు ఇవ్వని రోగికి స్ట్రోకు వస్తే మాత్రం వాళ్ళ పద్ధతిలో మార్పేమీ లేదు. మన చేత్తో ఇచ్చినదానివల్ల జరిగిన కీడు మన పాపంగా తోస్తుంది. ఇవ్వనందువల్ల జరిగింది విధి రాతగా తోస్తుంది. వరండాలో ఏడ్చిన కుటుంబం గుర్తుంటుంది. మందు వల్ల స్ట్రోకు రాకుండా ఇంట్లో కాఫీ తాగుతున్నవాళ్ళు ఎవరికీ గుర్తుండరు, ఎందుకంటే వాళ్ళకి కూడా తెలియదు. కాగితం మీది చెట్టు ఆ కనిపించని వాళ్ళని కూడా లెక్కలోకి తెస్తుంది.

పరీక్షలు చేయించారు. మూత్రపిండాలు బాగున్నాయి, కవాటాలు బాగున్నాయి, రక్తం తగినంత ఉంది. డాక్టరుగారే ఆస్పిరిన్ ఆపి ఎపిక్సబాన్ రాశారు. డైక్లోఫెనాక్ మానిపించారు. అమ్మ స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించింది. పెరట్లో నాచుపట్టిన బండలు తీయించింది.

ఇంతకీ మంచి జరిగిందా అని మీరడగొచ్చు. ఏడాది దాటింది. నాన్నగారు తిరుగుతున్నారు. కానీ అది మా నిర్ణయం వల్లేనని చెప్పలేను. ఆస్పిరిన్ వేసుకున్నా 100 మందిలో 96 మందికి ఆ ఏడాది స్ట్రోకు రాదు. రేపు ఈ మందు వల్లే రక్తస్రావం కావచ్చు కూడా. అప్పుడు అక్క నన్ను తిట్టొచ్చు. మంచి నిర్ణయం వేరు, మంచి ఫలితం వేరు. అమ్మ ఆకాశం చూసి సరిగ్గా ఆలోచించి వడియాలు పెట్టినా ఒక్కోసారి వాన పడుతుంది. అంతమాత్రాన ఆలోచన తప్పు కాదు. మన చేతిలో ఉన్నది నిర్ణయం ఒక్కటే. దాన్ని తెలిసినంత మేరకు సరిగ్గా తీసుకున్నామా అన్నదే మనం జవాబు చెప్పుకోవలసింది.

అమ్మానాన్నలు అక్కడ, మనం ఇక్కడ. ఇలాంటి ఫోను మీకూ రావచ్చు. అప్పుడు కాగితం, పెన్ను తీసుకుని ఐదు ప్రశ్నలు రాసుకోండి. మన ముందున్న దారులేమిటి? ఏమీ చేయకపోవడం కూడా ఒక దారే, దాన్నీ రాయండి. ఒక్కో దారిలో ఏం జరగవచ్చు? ఇలాంటివాళ్ళు 100 మందిలో ఎంతమందికి? శాతాలూ, రెట్టింపులూ వద్దు, మనుషుల లెక్కన అడగండి. ఏ సంగతి తేలితే మన నిర్ణయం మారుతుంది? చివరిది, అన్నిటికంటే పెద్దది: మంచాన పడబోయే మనిషి దేనికి ఎక్కువ భయపడుతున్నారు?

ఈ కాగితం డాక్టరుగారి ముందు పెట్టడానికి, ఆయన బదులు వాడుకోవడానికి కాదు. నా మాట విని ఎవరూ సొంతంగా మందు మార్చకండి, ఆపకండి. ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మందు హఠాత్తుగా ఆపితే ప్రమాదం. మీ ఇంట్లో లెక్క మా లెక్కలా ఉండదు, జవాబు కూడా వేరే రావచ్చు. మా బాబాయికి కడుపులో పుండు ఉంది. ఆయనకి ఇదే చెట్టు గీస్తే జవాబు ఏమవుతుందో గీసి చూస్తేగానీ తెలియదు.

పోయిన వారం నాన్నగారితో మాట్లాడుతూ, మీ సంగతి రేడియోలో చెప్పొచ్చా అని అడిగాను. "చెప్పుకో. కానీ నేను 295 సార్లు పడ్డానని మాత్రం చెప్పకు," అన్నారు.